హన్మండ్లు అట్టపెట్టె

ఆ పొద్దున మబ్బు కురవనూ కురవక, తొలగనూ తొలగక, ఈనడానికి వచ్చిన బర్రెలా ఊరి మీద బరువుగా నిలబడి ఉంది. గోదారి దిక్కు మాత్రం సన్నటి తెల్లటి చీలిక ఒకటి కనబడుతోంది. అలాంటి రోజు చుట్టిన బీడీ ఆరదు. ఆరని బీడీని కార్ఖానావాడు ఏరి పారేస్తాడు. సృజన ఒళ్ళో చాట తీసి గోడకు ఆనించి, సంచిలో నోటుబుక్కు వేసుకుంది.

"అవ్వా, జగిత్యాల పోయస్త."

తల్లి పోచమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. "మల్ల ఠాణాకేనా?"

"ఆ."

"గాళ్లేం జేస్తరే."

"జేసేదాంక పోత."

గొల్లపల్లి దగ్గరి ఆ ఊళ్ళో వాళ్ళది గౌండ్ల ఇల్లు. సృజన తండ్రి హన్మండ్లు పదిహేనేళ్ళు తాటిచెట్లు గీశాడు. చెట్లు ఎండి, కల్లు తగ్గి, చేసేదేమీ లేక మూడేళ్ళ కింద దుబాయి పోయాడు. పోయిన కంపెనీ ఏడాదికే మూతబడింది. ఆ తర్వాత కాగితాల్లేకుండా అక్కడక్కడ దాక్కుని పని చేశాడు. ఈ ఏడు ఆ దేశం కాగితాల్లేనివాళ్ళకు క్షమాభిక్ష పెట్టి, ఇంటికి పోవడానికి ఔట్‌పాస్‌లు ఇచ్చింది. జులైలో ఫోన్ చేసి, "ఔట్‌పాస్ దొరికింది. బేస్తవారం విమానం. కోరుట్ల నర్సన్న, నేను కలిసే వస్తున్నం" అన్నాడు. ఆ గురువారం పోయింది. తర్వాత పదమూడు బేస్తవారాలు పోయాయి. మనిషి రాలేదు, ఫోనూ రాలేదు.

నిన్న సాయంత్రం పెద్దబాపు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పెద్దబాపు అంటే హన్మండ్లు అన్న. చాలాసేపు నేల చూసి, "మూడొద్దులైతె పెత్రమాస. తమ్ముని పేరు సూత చెప్పిపిద్దాం" అన్నాడు. పెత్రమాసనాడు ఇంట్లో చనిపోయినవాళ్ళ పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తారు. ఆ పేర్లలో ఒకసారి కలిసినవాడు మళ్ళీ బతికున్నవాళ్ళలోకి రాడు. పోచమ్మ చేతి గాజులు ఆ సాయంత్రమే పోతాయి.

సృజన అంది. "మూడొద్దులున్నది గద పెద్దబాపూ. మూడొద్దులు ఆగు."

*

ఠాణాలో హెడ్‌కానిస్టేబులు పేరు దేవదాస్. పాతకాలం వాళ్ళు ఇంకా జమేదారు అనే పిలుస్తారు. ఆరు నెలల్లో ఉద్యోగం అయిపోతుంది. తెల్ల మీసం, లావు అద్దాలు, బెల్టు మీదికి జారిన పొట్ట. తండ్రి కనబడటం లేదని ఆగస్టులో సృజన ఇచ్చిన దరఖాస్తు ఆయన దగ్గరే ఉంది. ఎన్నిసార్లు వచ్చినా ఆయన కూర్చోబెట్టి వింటాడే గాని కాగితం మీద ఒక్క ముక్క రాయడు. అదే ఆమెకు మంట.

"సారూ, మా బాపును సంపిండ్రు."

దేవదాస్ అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఎవరు బిడ్డా?"

"కోరుట్ల నర్సన్న."

"కూసో. నీళ్లు తాగు."

"నీళ్లద్దు సారూ. ముందు జీపు తియ్యుండ్రి."

"జీపు బందోబస్తుకు పోయింది. నీళ్లైతె ఉన్నయ్."

సృజన కూర్చుంది. నోటుబుక్కు తెరిచి చదివినట్టు చెప్పింది. మొన్న ఒక్కతే కోరుట్ల పోయింది. నర్సన్న ఇల్లు ఎక్కడో తెలియదు. బీడీ కార్ఖానాల ముందు ఆకు కోసం వరసలో నిలబడ్డ ఆడవాళ్ళను అడిగింది, జులైలో ఎవరి మొగడు దుబాయి నుంచి వచ్చాడని. మూడో కార్ఖానాలో దొరికింది. నర్సన్న పెళ్ళాం సారక్క. ఇంటికి పోతే నర్సన్న ముఖం తిప్పుకుని, "బొంబాయిల దిగినంక ఎటువోయిండో నాకెర్కలేదు" అన్నాడు. ఆయన మాట్లాడుతుంటే సృజన మంచం కిందికి చూసింది. అక్కడొక అట్టపెట్టె. దానికి కట్టిన ముడి ఆమెకు తెలిసిన ముడి.

"అది లొట్టి ముడి సారూ. చెట్టు మీద గెలకు కల్లుకుండ కట్టేటప్పుడు ఏస్తరు. అండ్ల సూత మా బాపుది ఏరే. రెండు చుట్లు చుట్టి కొసను లోపలికి దోపుతడు, గాలికి ఊగినా ఊడకుంట. నర్సన్న ఎవుసం చేసెటోడు. గాయనకు గా ముడి రాదు. పెట్టె మా బాపుది. మరి మా బాపు ఏడి?"

దేవదాస్ కళ్ళు మూసుకుని విన్నాడు. నిద్రపోయాడేమోనని ఆమెకు అనుమానం వచ్చింది.

"నువ్వు గా ఇల్లు ఒక్క దినంల దొరకవట్టినవ్. నాకైతె నాలుగు దినాలు పట్టు" అన్నాడు కళ్ళు మూసుకునే. "పెట్టె లేపి చూసినవా?"

"లేపుడెందుకు? ముడి చూసిన గద."

ఆయన కళ్ళు తెరిచాడు. ఆమె సంచిలో నుంచి పేపరు అట్ట వేసిన చిన్న పుస్తకం ఒకటి తొంగి చూస్తోంది. బస్టాండు దగ్గర అద్దెకు ఇచ్చే డిటెక్టివు నవల.

"ఎన్ని సదివినవ్ గిసొంటియి?"

"నూరు దాటినయ్."

"గండ్ల పోలీసాయన ఎట్లుంటడు?"

సృజన తటపటాయించింది. "లావుంటడు."

"ఇంక?"

"కేసును తప్పు తొవ్వల తీస్కపోతడు. ఆఖరి పేజీల జీపు దిగుతడు."

దేవదాస్ తన పొట్ట వైపు ఒకసారి చూసుకున్నాడు. "లావు సంగతి కరెక్టే. జీపు సంగతి నీకు ఎర్కనే ఉన్నది. మరి కేసు పట్టే పిల్లగాడు?"

"గాయిన అన్నీ చూస్తడు సారూ. చెప్పుకంటిన మన్ను సూత చూస్తడు. చూసి ఎంటనే చెప్తడు."

"ఎంటనే చెప్పాలె మరి. గాయినకు నూరు పేజీలే. నేను సూత గవ్వి సదివే పోలీసుల చేరిన. చేరినంక ముప్పై ఐదేండ్లయింది, ఒక్కటన్న నూరు పేజీలల్ల ఒడువలేదు. తొందరపడితె మనకు కావలసిందే మనకు కనవడతది బిడ్డా. నేను తొందరపడ."

"మీకు లేదు సారూ తొందర. మాకున్నది." ఆమె గొంతు పెంచలేదు. "ఎల్లుండి దాటితె పెత్రమాస. మా బాపు పేరు సచ్చినోళ్లల్ల చెప్తరు."

దేవదాస్ లేచి గోడకున్న క్యాలెండరు దగ్గరికి పోయి తేదీ చూశాడు.

"రేపు పొద్దుగాల కోరుట్ల బస్సు కాడికి రా. ఇంట్ల చెప్పి రా, మాపటికి రాకపోవచ్చని."

*

మర్నాడు ఆయన యూనిఫాం లేకుండా, తెల్లచొక్కా వేసుకుని, చంకలో గొడుగుతో వచ్చాడు. ఎవరైనా చూస్తే పెళ్ళిసంబంధం మాట్లాడటానికి పోతున్న మేనమామ అనుకుంటారు. సృజనకు ప్రాణం ఉసూరుమంది.

"డ్రెస్సేది సారూ?"

"దాన్ని చూసి భయపడ్డోడు నిజం చెప్పడు. ఏదో ఒకటి చెప్తడు."

నర్సన్న ఇంట్లో సారక్క గడప పక్కన కూర్చుని బీడీలు చుడుతోంది. సృజనను చూడగానే ఆమె వేళ్ళు ఆగాయి. నర్సన్న లోపల్నుంచి వచ్చి, వెనకనున్న పెద్దమనిషిని చూసి తువ్వాల భుజాన సర్దుకున్నాడు. దేవదాస్ తాను ఠాణా నుంచి వచ్చానని దాచలేదు.

"జగిత్యాల ఠాణాల జమేదారును. పిల్లకు తోడచ్చిన. జర కూసుంట, మోకాళ్లు గుంజుతున్నయ్" అని మంచం మీద కూలబడ్డాడు.

అడుగుతాడు, ఇప్పుడు అడుగుతాడు అని సృజన చూస్తూ ఉంది. ఆయన అడగలేదు. పసుపు చేలకు ఈ వాన మంచిదా చెడ్డదా అన్నాడు. ఆకుమచ్చ తెగులు గురించి నర్సన్నతో అరగంట మాట్లాడాడు. మధ్య మధ్య తుమ్మాడు. తుమ్మినప్పుడల్లా, "తంబాకు నాకు పడదు. మా బామ్మర్ది బీడీ కార్ఖానల గుమాస్త. గాయిన వాకిట్ల నిలవడితె నాకు లోపల తుమ్ములస్తయ్" అన్నాడు. సారక్క పైటకొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవలల్లో కుర్రవాడైతే ఈపాటికి నర్సన్న గల్లా పట్టేవాడని సృజనకు అనిపించింది.

ఉన్నట్టుండి దేవదాస్ కిందికి వంగాడు. "కాళ్లకు అడ్డమున్నది, గీడ పెడుత" అని మంచం కింది అట్టపెట్టెను ఒంటిచేత్తో పైకి తీసి పక్కన పెట్టుకున్నాడు. మంచం కింద చోటంతా నిండిన పెట్టె. అది ఆయన చేతిలో ఎండు గడ్డిమోపులా లేచింది. దేవదాస్ ముడి మీదికి ముఖం వంచాడు. వంచి వరసగా మూడు తుమ్ములు తుమ్మాడు.

"బిడ్డా, గీ తాడేందో నువ్వు చూడు. నాతోని కాదు" అన్నాడు ముక్కు తుడుచుకుంటూ.

సృజన తాడును చేత్తో పట్టుకుంది. మొన్న ముడినే చూసింది గాని తాడును చూడలేదు. అది కొన్నది కాదు. సన్నటి సుతిలిని మూడు పేటలు చేసి పేనిన తాడు. వేలు పెట్టి రాస్తే గోధుమరంగు పొడి రాలింది. కార్ఖానాలో తంబాకు సంచి మూతికి కట్టి ఇచ్చే సుతిలి అది. వాళ్ళింట్లో కూడా మేకుకు వేలాడుతూ ఉంటుంది. తల తిప్పి చూస్తే సారక్క వెనక గోడకూ అలాంటిదే ఒక చుట్ట వేలాడుతోంది. తంబాకు వాసన మొన్న కూడా ఉండే ఉంటుంది. ఉప్పు కొటారులో పుట్టినవాడి నాలుకకు ఉప్పు తెలియదు. పుట్టినప్పటి నుంచి ఆ వాసనలోనే పెరిగిన పిల్లకు అది వాసన అనే తట్టలేదు.

దుబాయి నుంచి వచ్చిన పెట్టెకు ఈ ఇంటి సుతిలి ఎట్లా వస్తుంది? విమానం కోసం కట్టిన కట్లు తెగిపోతే, ఈ ఇంట్లోనే ఎవరో కూర్చుని, తొందర లేకుండా మూడు పేటల తాడు పేని, లొట్టి ముడి వేసి ఉండాలి. చచ్చినవాడు తాడు పేనడు.

ఆమె మెల్లిగా నర్సన్న వైపు తిరిగింది. "మామా, మా బాపు గీన్నే కూసోని తాడు పేనిండు. నిన్ను నేను తప్పనుకున్న."

నర్సన్న సారక్క వైపు చూశాడు.

"నా దిక్కేం చూస్తున్నవ్? చెప్పు" అంది సారక్క. "నీ ఒట్టు నీకేమో గని, మొన్న గీ పిల్ల వచ్చిపోయిన కాన్నుంచి నాకు కూడు సైస్తలేదు."

నర్సన్న గడపలో కూర్చుండిపోయాడు. "చేతుల చెయ్యేసి ఒట్టు పెట్టించుకున్నడు సారూ. ఇద్దరం గీ బస్టాండ్లనే దిగినం. గాయిన గొల్లపల్లి పోవాలె గద, పోలేదు. రెండొద్దులు గీ మంచం మీదనే పండుకున్నడు. మూడోనాడు, సిరిసిల్ల పోయి సాంచెల మీద పనిచేస్త, గీ పెట్టె నిండినంక అచ్చి తీస్కపోత అన్నడు. సిరిసిల్లల ఏడనో నాకు నిజంగ తెల్వది."

బయటికి వచ్చాక సృజన అడిగింది. "పెట్టెల ఏమున్నది సారూ?"

"ఏం లేదు. పాత దుప్పటి, కాయితాలు ఉండచ్చు. గందుకే లేపి చూసినవా అన్న."

ఖాళీ పెట్టెతో తండ్రి ఇంటికి ఎందుకు రాలేదో ఆమెకు చెప్పనక్కర్లేకపోయింది. వాళ్ళ ఊళ్ళో దుబాయి నుంచి ఎవరు వచ్చినా అట్టపెట్టెను వాకిట్లోనే విప్పుతారు. వాడంతా చుట్టూ కూర్చుంటుంది. సబ్బో, అత్తరు సీసానో, నొప్పుల మందో, ప్రతి ఇంటికీ ఏదో ఒకటి అందాలి. అదే రివాజు. పోయిన ఏడు పక్కింటివాడు అందరికీ చాలక, బాకీ పడినవాడిలా నెలరోజులు తల దించుకుని తిరిగాడు.

"చేతులూపుకుంట పోతె ఒకనాడు నవ్వి ఊకుంటరు" అన్నాడు దేవదాస్. "గింత పెద్ద పెట్టె కొనుక్కున్నోడు, అండ్ల ఏసేటందుకు ఏం లేకుంటె ఏ మొఖంతోని మోస్తడు?"

*

వేములవాడ మీదుగా సిరిసిల్ల చేరేసరికి రెండు దాటింది. సాంచెలంటే మరమగ్గాలు. వీధి వీధంతా రేకుల షెడ్లు, టకటకమని ఒకటే మోత. ఆ మోతలో ఇద్దరు మనుషులు మాట్లాడుకోవాలంటే చెవిలో నోరు పెట్టాలి. ఇక్కడ మాత్రం దేవదాస్ పని వేరేగా ఉంది. ఆ ఊళ్ళో ఏ షెడ్డులో కొత్తవాళ్ళను పెట్టుకుంటారో, ఎవరు పేరు అడగకుండా పని ఇస్తారో ఆయనకు తెలుసు. ఒకటి తర్వాత ఒకటి, పదకొండు షెడ్లు తిరిగాడు. మోకాళ్ళు పట్టుకుని నిలబడ్డాడు గాని ఆగలేదు.

పన్నెండో షెడ్డులో మేస్త్రీ తల ఊపాడు. "ఉండె ఒకాయన. నలుపు, పొడుగు. తొమ్మిదొద్దులు చేసి ఇడిసిపెట్టిండు. పోగు తెగితె కిందికి చూడాలె గద, గాయిన పైకి రేకుల దిక్కే చూస్తుండె. పనికచ్చేటోడు కాదు."

"ఎటువోయిండు?"

"ఎవనికెర్క."

రోడ్డు మీదికి వచ్చి దేవదాస్ గొడుగు నేలకు ఆనించి నిలబడ్డాడు. మొదటిసారి ఆయన ముఖంలో అలసట కనబడింది.

"సాంచె ఇడిసినోళ్లు బొంబాయి పక్క భీవండి సాంచెలకు పోతరు బిడ్డా. నేను ఇరవై మందిని చూసిన. ఇరవై మంది భీవండిలనే దొరికిండ్రు. గాడి ఠాణాకు రాపిస్త. నెలన్న పడతది."

"గా ఇరవై మంది సాంచెలోళ్లే గద సారూ."

"ఔ."

"మా బాపు సాంచెలాయన కాదు. పైకెందుకు చూసిండు? రేకుల మీద ఏమున్నది?" ఆమె ఆగి ఆలోచించింది. చిన్నప్పుడు తండ్రి అన్నం తింటూ కూడా తలెత్తి గెలలు చూసేవాడు. ఏ చెట్టు ఎన్నడు గీతకు వస్తుందో లెక్క వేసుకునేవాడు. "గీ ఊర్లె తాటివనం ఎటున్నది?"

దేవదాస్ ఆమెను ఒక నిమిషం చూశాడు. పక్కన కిళ్ళీ డబ్బావాణ్ణి అడిగాడు. మానేరు అవతల అన్నాడు వాడు.

వాగు దాటి పోయేసరికి సాయంత్రం గీతకు వేళయింది. వనం మొదట్లో ఒక గుడిసె. గుడిసె ముందు లొట్లు బోర్లించి ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. పేరు ఐలవ్వ. ఆమె దేవదాస్‌ను కింది నుంచి పైదాకా చూసింది.

"గీ పొట్టాయన ఆబ్కారాయనా?"

"కాదవ్వా. మా సారు" అంది సృజన. "అవ్వా, గీడికి ఎవలన్న కొత్తాయన అస్తుండా? కల్లు తాగడు. ఉత్తగ చెట్లు చూస్తడు."

ఐలవ్వ నోట్లో ఆకు ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చింది. "తాగకుంట చెట్లు చూసెటోన్ని నా జన్మల ఒక్కన్నే చూసిన. రెండొద్దులు గీన్నే కూసున్నడు. మా ముసలాయనకు కాలు వాసి చెట్టెక్కుడు బందైంది. మూడోనాడు గాయినే అచ్చి నేనెక్కుత అన్నడు. ఇంత గట్క పోస్తె తింటడు, గీ గుడిసె ఎనకనే పంటడు. ఊరు చెప్పడు, పేరు చెప్పడు." ఆమె గడ్డంతో వనం వైపు చూపించింది. "గిప్పుడే ఎక్కిండు."

నాలుగో చెట్టు మీద మనిషి ఉన్నాడు. నడుముకు మోకు, పాదాలు చెట్టుకు అదిమి, వీపు ఇటు వైపు. ముఖం కనబడక ముందే సృజనకు ఆ పాదాలు తెలిశాయి. ఎడమ పాదం కొంచెం బయటికి పెడతాడు.

దేవదాస్ చెట్టు కిందికి నాలుగు అడుగులు వేసి, తలెత్తి నోరు తెరిచాడు. సృజన ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"పిలవద్దు సారూ" అంది గొంతులోనే. "చెట్టుమీదున్న మనిషిని పేరు పెట్టి పిలవద్దు. కిందికి చూస్తడు. నన్ను చూస్తె చెయ్యి ఇడుస్తడు."

ఇద్దరూ ఈతపొద వెనక్కి జరిగి నిలబడ్డారు. పద్నాలుగు వారాలుగా ఎదురుచూస్తున్న మనిషి ముప్పై అడుగుల ఎత్తున ఉన్నాడు. గెలను ఒక పొర గీశాడు. కత్తిని తొడకు తుడుచుకున్నాడు. లొట్టి కట్టాడు. వాగు వైపు చూస్తూ కాసేపు ఊరికే నిలబడ్డాడు. సృజన ఊపిరి బిగబట్టి చూసింది. పక్కన జమేదారు కూడా ఊపిరి బిగబట్టాడు. ఆయనకు తుమ్ము వస్తుందేమోనని ఆమె భయపడింది. రాలేదు.

హన్మండ్లు దిగాడు. రెండు పాదాలు నేల మీద ఆనాయి. మోకు విప్పి భుజాన వేసుకున్నాడు. అప్పుడు ఆమె పొద దాటి వచ్చింది.

"బాపూ."

ఆయన పరుగెత్తలేదు. వెనక చెట్టుకు వీపు ఆనించి అట్లాగే ఉండిపోయాడు. మనిషి సగమయ్యాడు.

"ఎట్లచ్చినవ్?"

"బస్సుల."

"అవ్వ?"

"ఉన్నది. ఎల్లుండి పెత్రమాసకు పెద్దబాపు నీ పేరు చెప్పిస్తనంటున్నడు."

భుజం మీది మోకు జారి కింద పడింది. తీయడానికి ఆయన వంగలేదు. "నేను దుబాయిలనే చిక్కుకున్న అనుకుంటరనుకున్న."

"అస్తున్న అని చెప్పినోడు రాకపోతె గట్లెట్ల అనుకుంటరు?"

"పెట్టె నిండలేదు బిడ్డా."

"గది కోరుట్లల్నే ఉండనీ."

"వాడోళ్లు అడుగుతరు."

"అడగనీ. నేను చెప్త. ఏం తేలేదు, మనిషచ్చిండు అని చెప్త." ఆమె ముందుకు వచ్చి కింద పడ్డ మోకు తీసి చుట్టింది. "నువ్వు రానంటె నేను సూత గీన్నే ఉంట. గీ అవ్వకు ఎట్లనో మనుషులు కావాలె."

హన్మండ్లు ముఖం అటు తిప్పుకున్నాడు. "పొద్దుగాల గీత ఉన్నది. గది గీసినంక పోదాం" అన్నాడు.

ఆ మాట విని దేవదాస్ ఆమెను పక్కకు పిలిచాడు. "తెల్లారేవరకు జారుకుంటె?"

"గీత పెట్టిన చెట్టును గియ్యకుంట ఇడిసి పోడు సారూ. మీరు పండుకోండ్రి."

ఆయన గుడిసె ముందు నులకమంచం మీద పడుకున్నాడు. నిజంగానే నిద్రపోయాడు.

*

మర్నాడు పొద్దు బాగా ఎక్కాక ముగ్గురూ గొల్లపల్లి దగ్గర దిగి ఊళ్ళోకి నడిచారు. ఐలవ్వ చెట్లకు ఇంకో గౌడును మాట్లాడి అప్పజెప్పి రావడానికి ఆలస్యమైంది. హన్మండ్లు చేతుల్లో ఏమీ లేదు. వాడలో కొందరు అరుగుల మీద నుంచి లేచి నిలబడ్డారు. ఒకాయన, "పెట్టేదిరో హన్మండ్లూ?" అన్నాడు అలవాటు కొద్దీ. "తేలేదు" అంది సృజన నడుస్తూనే. ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.

దేవదాస్ వాడ మొదట్లోనే ఆగిపోయాడు. "నా పని ఐంది బిడ్డా. ఫైలు మీద సంతకానికి ఓ దినం రా."

"అన్నం తిని పోండ్రి సారూ."

"ఎందుకు గని."

"మా కథల ఆఖరి పేజీ గీడనే ఉంటది. రాండ్రి."

ఆయన గొడుగు ముడుచుకుని వెనకే వచ్చాడు.

అరుగు మీద పెద్దబాపు ఉన్నాడు. ఆయన ముందు తట్టలో గుమ్మడికాయ, చిక్కుడుకాయలు, చామగడ్డలు, ఒక సంచిలో బియ్యం. రేపటి అమాసకు అయ్యగారికి ఇవ్వడానికి తెచ్చినవి. ఆయన తమ్ముణ్ణి చూసి లేవబోయి, లేవలేక, తట్ట అంచు పట్టుకున్నాడు. హన్మండ్లు తట్ట వైపు చూశాడు.

పోచమ్మ గడపలోకి వచ్చింది. మొగుణ్ణి కాళ్ళ నుంచి తలదాకా ఒకసారి చూసింది. చెంబుతో నీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టింది. తర్వాత అరుగు దగ్గరికి పోయి, ఆ తట్టనూ బియ్యం సంచినీ ఎత్తుకుని లోపలికి పోయింది. లోపల కత్తిపీట వేసిన చప్పుడు, గుమ్మడికాయ రెండుగా పగిలిన చప్పుడు వినిపించాయి.

అన్నం ఉడికేదాకా బయట ముగ్గురు మగవాళ్ళూ కూర్చునే ఉన్నారు. సృజన చాప పరిచి నాలుగు పళ్ళేలు పెట్టింది. పోచమ్మ ఐదోది తెచ్చి హన్మండ్లు పక్కన పెట్టుకుంది. ఆ ఇంట్లో మగవాళ్ళతో కలిసి ఆమె ఎన్నడూ కూర్చోలేదు. ఇవాళ కూర్చుంది.

ఆ బియ్యం అన్నం పొగలు కక్కుతోంది. గుమ్మడికాయ కూర, చిక్కుడుకాయ వేపుడు, చామగడ్డల పులుసు. హన్మండ్లు మొదటి ముద్ద కలిపి పట్టుకుని కాసేపు ఆగాడు. అందరూ ఆగారు. ఆయన తిన్నాడు. పెద్దబాపు తల వంచుకుని తిన్నాడు. జమేదారు చెమట తుడుచుకుంటూ తిన్నాడు. పోచమ్మ అడగకుండానే మొగుడి పళ్ళెంలో ఇంకో గంటెడు అన్నం వేసింది. ఆయన దాన్నీ కలుపుకుని తిన్నాడు.